దేవుని కోళ్ళకు సూది

చచ్చిన కోళ్ళను మోటారు సైకిలు హ్యాండిలుకు వేలాడదీసుకొని టేకులపల్లి బజారులో తిరిగిన సర్కారు ఉద్యోగి ఈ చుట్టుపక్కల నేనొక్కడినే అనుకుంటాను. వాటిని కట్టింది నేను కాదు. కట్టినవాళ్ళు వెనక నిలబడి చూస్తుంటే విప్పే ధైర్యం లేక అట్లాగే బండి తీశాను. అడవి దాటి రోడ్డెక్కాక ఆగి విప్పుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అప్పటికి నా బుర్ర పని చేయడం మానేసింది. బజారులో ఒక పెద్దమనిషి నన్ను ఆపి, నాటుకోళ్ళేనా, ఎట్లా ఇస్తున్నావని బేరం కూడా చేశాడు.

మొన్నీమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు నన్ను చూడడానికి ఖమ్మం వచ్చారు. అందులో ఒకమ్మాయికి దమ్మపేట అవతల పోస్టింగు. ఊళ్ళో ఎవరో తిట్టారట. రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకు తిరుగుతోంది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి చెప్పిన సంగతే ఇది. రిటైరైనవాడి దగ్గర సలహాలకు కొదువ ఉండదు కానీ వాటికి గిరాకీ ఉండదు. అందుకని సలహా మానేసి జరిగింది మాత్రం చెప్పాను.

నేను పశువుల దవాఖానాలో అసిస్టెంటుగా పనిచేశాను. మాది మధిర వైపు. ఉద్యోగం మాత్రం టేకులపల్లి దాటాక అడవి అంచున పడింది. దవాఖానాలో మేం ముగ్గురం. డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. పొడిచే ఎద్దుకైనా ఎదురు నిలిచేది కానీ బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కేది. అటెండరు ఒక భాయ్. తాతల నాటి నుంచి ఆ ఊళ్ళో స్థిరపడినవాళ్ళు, బజారులో సగం దుకాణాలు వాళ్ళ చుట్టాలవే. టీకా మందు ఐసులో లేకపోతే ఎందుకూ పనికిరాదు. ఆ ఐసు భాయ్ బావమరిది సోడా కొట్టు నుంచి వచ్చేది. కాబట్టి ఈ అడవిలోని కోళ్ళ ప్రాణాలన్నీ తన బావమరిది చేతిలో ఉన్నాయని భాయ్ ధీమా.

కోళ్ళకు కొక్కెర తెగులని ఒకటి వస్తుంది. మెడలు వంకర తిరుగుతాయి, రెక్కలు వాలిపోతాయి, చూస్తుండగానే వాడంతా ఊడ్చుకుపోతుంది. ముందే సూది వేస్తే కాపాడుకోవచ్చు. కానీ తెగులు ఒంట్లో దూరి ఇంకా పైకి కనబడని సమయంలో సూది వేస్తే కోడి ఎట్లాగూ చస్తుంది, చెడ్డపేరు మాత్రం సూదికొస్తుంది. ఇంకో తిప్పలు కూడా ఉంది. తెల్లవారకముందే వెళ్ళాలి. గంపల కింద కమ్మిన కోళ్ళను ఒకసారి వదిలారంటే, అడవిలో కోడిని పట్టుకోవడం ఏ సర్కారు తరమూ కాదు.

ఆ ఎండాకాలం ఒక గూడేనికి వెళ్ళాం. జనం ముందు వద్దన్నారు. నేను బతిమాలి, నచ్చజెప్పి, గంప గంపకూ తిరిగి సూదులు వేశాను. మేం వెళ్ళకముందే ఎవరో సంతలో కొన్న కోడితో పాటు తెగులునూ తెచ్చుకున్నారని మాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. వారం తిరగకుండా గూడెంలో కోడి కూత లేదు. ఏమైందో చూద్దామని పోయిన నాకు జరిగిన సన్మానమే మొదట్లో చెప్పాను.

ఆ సన్మానానికి పెద్ద, అక్కడి ప్రార్థన మందిరంలో గంట కొట్టే ఆమె. గంటంటే గంట కాదు, వేపకొమ్మకు కట్టిన రైలుపట్టా ముక్క. ఆమె కొడితే వాగు అవతలికి కూడా వినబడేది. ఆమె గొంతు అంతకన్నా దూరం పోయేది. గూడెంలో అందరికన్నా ఎక్కువ కోళ్ళు ఆమెవే, అన్నీ పోయాయి. కోడి కాళ్ళకు తాడు ముడి వేస్తూ నా మొహం కూడా చూడకుండా అంది.

"మందని తెచ్చి మన్ను చేసినవు. తీస్కపో సారు, మీ దవాఖానల కూర వండుకోర్రి."

ఆ తరువాత నేను గూడేల వైపు పోవడమే మానేశాను. డాక్టరమ్మ ఇందులో నీ తప్పేమీ లేదని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నా తప్పు లేదని నాకూ తెలుసు. తెలిస్తే ధైర్యం వస్తుందా? స్టోరు రూములో కూర్చొని మందు సీసాలను పెద్ద చిన్న వరసలో సర్దేవాణ్ణి. మరునాడు చిన్న పెద్ద వరసలో సర్దేవాణ్ణి. క్యాంపు అనగానే కడుపులో నొప్పి అనేవాణ్ణి, నిజంగానే వచ్చేది కూడా. చివరికి ఖమ్మానికి బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టాను.

మాది తరాలుగా విశ్వాసుల కుటుంబం. ఇంట్లో సాయంత్రం ప్రార్థన తప్పదు. నా భార్య కళ్ళు మూసుకొని, ప్రభువా మా ఆయనకు ధైర్యం ఇవ్వు అని వేడుకునేది. నేను పక్కనే మోకరించి, ప్రభువా నాకు బదిలీ ఇవ్వు అని వేడుకునేవాణ్ణి. ఒకే ఇంటి నుంచి, ఒకే చాప మీద నుంచి, పొత్తు కుదరని రెండు అర్జీలు పైకి పోతుండేవి. పాపం దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

మా పాస్టరుగారిని అందరం అయ్యగారు అనేవాళ్ళం. ఆయన నెలకో ఆదివారం ఆ గూడెం మందిరానికి ఆరాధన జరిపించడానికి వెళ్ళేవారు. వానాకాలం వెళ్ళాక ఒకసారి, ఆయన వెళ్ళే జీపు మొండికేసింది. మా ఇంటికొచ్చి, నీ బండి మీద తీసుకుపోతావా నాయనా అన్నారు. బండి పంక్చరైందని చెప్పాను. నిన్ననే కదా కొత్త ట్యూబు వేయించింది అని వంటింట్లోంచి వినబడింది. అట్లా వెళ్ళాను.

రేకుల కప్పు, మట్టి నేల, అటు ఆడవాళ్ళు ఇటు మగవాళ్ళు. నేను తువ్వాలు తల మీద కప్పుకొని, అందరికన్నా వెనక గుంజ చాటున కూర్చున్నాను. ఆమె గంట కొట్టి లోపలికి వస్తూ గుంజ దగ్గర ఒక క్షణం ఆగింది. నా తువ్వాలు వైపు ఒక చూపు చూసి, పోయి ముందు వరసలో కూర్చుంది. తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

అయ్యగారు గొప్ప ప్రసంగీకులేమీ కాదు. బడిలో హాజరు పిలిచినట్టు చెబుతారు. ఆ రోజు చెప్పింది, రాత్రంతా వల వేసి ఒక్క చేప పడక, తెల్లారి ఒడ్డున వలలు కడుక్కుంటున్న జాలరి సంగతి. చిన్నప్పటి నుంచి నేను వెయ్యిసార్లు విన్నదే. కానీ అయ్యగారు ప్రభువు మాటతో చేపలు పడ్డదాకా పోకుండా, జాలరి పడవ దగ్గరే, ఆ దోనె దగ్గరే ఆగిపోయారు.

"ప్రభువు నిండు దోనె కోసం ఎదురుచూడలేదు. ఓడిపోయినవాని ఖాళీ దోనెనే అడిగి, అందులో కూర్చున్నాడు. చేపలు తరువాతి సంగతి. ముందు ఆయన కూర్చున్నాడు."

అంతే చెప్పి, దగ్గి, మంచినీళ్ళు తాగారు. నాకు మాత్రం ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది. మందులో తప్పులేదని చెప్పినవాళ్ళున్నారు, మరిచిపొమ్మని చెప్పినవాళ్ళున్నారు. ఓడిపోయి కూర్చున్నవాడి పక్కన ప్రభువు వచ్చి కూర్చుంటాడని ఇన్నేళ్ళుగా విని కూడా నేను ఎన్నడూ నా గురించి అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. తువ్వాలు ఉన్నందుకు సంతోషించాను.

తరువాత ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు బిడ్డ కాన్పు అన్నారు. నా కాళ్ళు నన్ను అడగకుండానే లేచి నిలబడ్డాయి. నాకు ఈ గూడెం అంటే భయం, పని మీద మనసు విరిగింది, నా కోసం ప్రార్థన చేయండి అన్నాను. ఆ మాట అంతవరకు నా భార్యతో కూడా సూటిగా అనలేదు.

మా ఆరాధనల్లో అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థన చేస్తారు. ఆ హోరులో ఎవరిది వాళ్ళకే తెలియాలి. కానీ గంట కొట్టే ఆమె గొంతు సంగతి చెప్పాను కదా.

"ప్రభువా, ఈ సారు మా కోళ్ళను సంపిండో, అవే సచ్చినయో నీకెరుక. నాకైతే ఇంక కోపం పోలే, నీకు అబద్ధం చెప్తె ఏమొస్తది? గాని, పనోడు భయపడి మూలకు కూసుంటె మాకేం లాభం? ఆయన భయం తీసెయ్. నా కోపం సంగతి తర్వాత చూద్దువు."

చుట్టూ ఉన్నవాళ్ళ ప్రార్థనలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. ఎన్ని నెలల తరువాత నవ్వానో నాకే గుర్తు లేదు.

ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి, సారు, దేవుని కోళ్ళకు సూది ఏస్తవా అని అడిగింది.

దేవుని కోళ్ళంటే ఏమిటో చెప్పాలి. అక్కడి విశ్వాసులు పెట్ట పిల్లలు లేపినప్పుడల్లా ఒక పిల్లను దేవుని పేరు మీద వదిలి, కాలికి ఎర్రదారం కడతారు. దాన్ని కోయరు, అమ్మరు. పంట పండుగ నాడు గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులతో పాటు దాన్నీ మందిరానికి తెచ్చి అర్పిస్తారు. ఎండాకాలం అన్నీ పోగా ఎక్కడెక్కడి చుట్టాల ఇళ్ళ నుంచో గుడ్లు తెచ్చి పొదగేస్తే, గూడెంలో మళ్ళీ కోళ్ళు లేచాయి. ఇంటికొకటి దారం కట్టింది ఉంది.

మిగతా కోళ్ళకు సూది వేయించడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. దేవుని కోళ్ళకు అనేసరికి సంఘ పెద్ద అడ్డం పడ్డాడు. దేవునికిచ్చేది ఏ మచ్చా గాయమూ లేకుండా ఉండాలి, సూది పొడిచిన కోడి అర్పణకు పనికిరాదని ఆయన వాదన. నాలుగు తలలు అవునన్నట్టు ఊగాయి. ఆమె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"సిలువ మీద మేకులు కొట్టిచ్చుకున్నోడు, సూది పోటు పడ్డ కోడిని వద్దంటడా?"

అయ్యగారు జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నారు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

ఎదురు చెప్పవలసి వచ్చింది నాకే. ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. అమ్మా, ఇది మహిమ కాదు, మందు. తెగులు అప్పటికే లోపల ఉంటే ఈసారీ పోతాయి. పోతే నన్ను తిడతారు, అది నాకు అలవాటే. కానీ మీ దేవుడు తన కోళ్ళనే కాపాడుకోలేదని గూడెమంతా మిమ్మల్ని ఎగతాళి చేస్తుంది, పండుగకు ఉత్త చేతులతో నిలబడతారు అని.

"పోతె దేవునియే పోతయి. ఆయనతోని నేను మాట్లాడుకుంట. నువ్వు సూది సక్కగ పొడువు."

వచ్చే శనివారం పొద్దున అన్నాను.

శనివారం కోడి కూయకముందే నేనూ భాయ్ బయలుదేరాం. భాయ్ ఐసు ఫ్లాస్కును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొని వెనక కూర్చున్నాడు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా, సారు జర ఆహిస్తా, మెల్లగ అనేవాడు. గూడెంలో గడపలన్నీ మెలకువగానే ఉన్నాయి. చూడడానికి అందరూ వచ్చారు, ఇయ్యడానికి దారం కోళ్ళు మాత్రమే వచ్చాయి. గంట కొట్టే ఆమె ఒక్కో కోడిని రెక్కలు మడిచి పట్టుకుంటే నేను ఈసారి ముందు ప్రతిదాని కళ్ళు, ముక్కు, రెట్ట అన్నీ చూశాను. భయపడుతూనే రెక్క కింద సూది వేశాను. ధైర్యం వచ్చాక పని చేస్తామనుకుంటాం కానీ, నా విషయంలో పని సగం అయ్యాక అది నింపాదిగా వచ్చింది, ఆలస్యంగా వచ్చిన బస్సులాగా.

తరువాతి రోజులు నేను సరిగా అన్నం తినలేదు. ఫోను మోగితే చాలు, భాయ్ చేతికిచ్చేవాణ్ణి. భాయ్ మాత్రం తన నమాజులో కూడా ఆ కోళ్ళ కోసం దువా చేశానన్నాడు. "మా దిక్కు నుంచి గూడ ఒక అర్జీ పడ్డది సారు, ఫికర్ చెయ్యకు" అని చాయ్ తెప్పించాడు. రోజులు గడిచాయి. ఏ కోడీ చావలేదు. అది గెలుపు కాదు. తెగులు రానిదే మందు సంగతి ఎవరికి తెలుస్తుంది?

చలి ముదిరాక తెగులు రానే వచ్చింది. గంట కొట్టే ఆమె కొడుకు ఫోను చేసి, సారు, కోళ్ళు మెడలు తిప్పుతున్నయి, అమ్మ రమ్మంటున్నది అని పెట్టేశాడు. ఏ కోళ్ళో చెప్పలేదు. ఆ దారి పొడుగునా నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు. గూడెం మొదటి వాకిట్లోనే ఈకలు కనిపించాయి. రెండో వాకిట్లో ఒక పుంజు పడి తన్నుకుంటోంది. ఆమె వాకిట్లో బండి ఆపి దిగాను. చచ్చిన కోళ్ళు గోడవార వరసగా ఉన్నాయి. వాటి పక్కనే పెంటకుప్ప మీద ఎర్రదారం కోడి ఒకటి, ప్రపంచంతో తనకు నిమిత్తం లేనట్టు గీరుకుంటోంది. పక్కింట్లో దారం కోడీ తిరుగుతోంది. ఆ పక్కింట్లోదీ తిరుగుతోంది. దారం కోళ్ళ మొత్తంలో ఒక్కటే తక్కువైంది. దాన్ని అడవిపిల్లి ఎత్తుకుపోయిందని, అది సూది ఖాతాలో రాయొద్దని ఆమె నేను అడగకముందే చెప్పింది.

ఇక జనమంతా గంపలు పట్టుకొని నా మీదికి వచ్చారు, సూది వేయమని. నేను వేయనన్నాను. తెగులు ఊళ్ళో తిరుగుతోంది, ఇప్పుడు వేస్తే ఎండాకాలం జరిగిందే జరుగుతుంది, జబ్బువాటిని విడిగా ఉంచండి, చచ్చినవాటిని కాల్చండి, తెగులు చల్లారాక వస్తాను అన్నాను. మళ్ళీ మొదలైంది గొడవ. సంఘ పెద్దే ముందుకొచ్చాడు.

"అప్పుడు వద్దనంగ పొడిస్తివి. ఇప్పుడు పొడువుమంటె వద్దంటవు. నీదేం మందు సారు?"

మునుపటి నేనైతే వాళ్ళ మాట కాదనలేక వేసేసి, తరువాత మళ్ళీ హ్యాండిలుకు కోళ్ళు కట్టించుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఫ్లాస్కు మూత బిగించి, తిట్టేవాళ్ళను తిట్టనిచ్చి అక్కడే నిలబడ్డాను. నాకు భయం వేయలేదు. ఆ సంగతి నాకే వింతగా ఉండి చెబుతున్నాను. ఆమె పోయి రైలుపట్టా ముక్కను నాలుగు దెబ్బలు కొట్టింది. గోల ఆగాక, సారు చెప్పినట్టు వినుర్రి అంది. విన్నారు.

పండుగనాటికి గూడెంలో మిగిలిన కోళ్ళలో ఎక్కువ ఎర్రదారం కట్టినవే. మందిరం ముందు చలువ పందిరి వేశారు. అర్పణలకు వేలం పాడడం మా పంట పండుగలో ఆనవాయితీ. డాక్టరమ్మ వచ్చింది, పందిట్లో బల్లి లేదని నిర్ధారించుకొని కూర్చుంది. భాయ్ కూడా వచ్చి, ఒక పెట్ట మీద పట్టుబట్టి పాట పెంచుకుంటూ పోయి గెలిచాడు. చంకలో పెట్టుకున్నాడు, మొహంలో బిర్యానీ కనబడుతోంది. అప్పుడు అయ్యగారు నెమ్మదిగా, ఇక్కడ పాడుకున్నది తిరిగి దేవునికే ఇచ్చేయడం కూడా ఉంది నాయనా అన్నారు. భాయ్ కోడి వైపు చూశాడు, అయ్యగారి వైపు చూశాడు, ఒక నిట్టూర్పు విడిచి తిరిగి ఇచ్చేశాడు. అది చూసి పాడుకున్నవాళ్ళందరూ ఇచ్చేశారు. ఆ కోళ్ళను ఇంటికొకటి చొప్పున పెంపకానికి పంచారు, మందిరానికి వచ్చే ఇల్లా రాని ఇల్లా అని చూడకుండా. షరతు పెట్టింది మాత్రం గంట కొట్టే ఆమె. పిల్లలు లేస్తే ఒకదానికి దారం కట్టాలి, సారు వస్తే మొదటి సూది దానికే వేయించాలి. నేనున్నన్నాళ్ళూ ఆ గూడెంలో అదే రివాజు.

ఆ వారమే నా బదిలీ ఆర్డరు వచ్చింది, ఖమ్మానికి. మా ఇంటి నుంచి పోయిన రెండు అర్జీలనూ దేవుడు మంజూరు చేసి, ఏది కావాలో నన్నే తీసుకోమన్నాడు. నేను బదిలీ వద్దని రాసి ఇస్తే డాక్టరమ్మ, నీకేమైనా సుస్తీగా ఉందా అని అడిగింది. నా భార్య మాత్రం ఆ సాయంత్రం ప్రార్థనలో చాలాసేపు ఏడ్చింది, తరువాత గారెలు వండింది. రిటైరయ్యేదాకా నేను ఆ అడవి అంచునే పనిచేశాను. తరువాత కూడా తిట్లు తిన్నాను, ఓడిపోయాను. స్టోరు రూములో సీసాలు మాత్రం మళ్ళీ సర్దలేదు.

రిటైరైన రోజు గూడెంవాళ్ళు శాలువాకు బదులు ఒక పుంజును తెచ్చారు, కాలికి ఎర్రదారంతో. దేవునిదాన్ని కోయకూడదు కాబట్టి అది మా ఖమ్మం కాలనీలో మేడ మీద కాపురం ఉంటోంది. వేళాపాళా లేకుండా కూస్తుంది. పొరుగువాళ్ళు నన్ను తిట్టుకుంటారు. రాత్రంతా వల వేసిన ఆ జాలరే, తరువాత ఒకనాడు భయపడి, ప్రభువు ఎవరో నాకు తెలియదని బొంకి, కోడి కూత విని ఏడ్చాడంటారు. నాకూ ఆ కూత వింటే నా భయమే గుర్తొస్తుంది, కానీ నవ్వొస్తుంది. అప్పుడప్పుడు గంట కొట్టే ఆమె పొద్దున్నే ఫోను చేసి, కోడి కూసిందా సారు అని అడుగుతుంది. కూసిందమ్మా అంటే, మరి ఇంక పండుకునుడేంది, లే అంటుంది.

దమ్మపేట అమ్మాయి ఆ రోజు టీ తాగి, అంతా విని, బ్యాగు తీసుకొని వెళ్ళిపోయింది. రాజీనామా సంగతి నేను అడగలేదు. నిన్న తెల్లవారుజామున ఫోను మోగితే గూడెం నుంచే అనుకొని, కూసిందమ్మా అంటూ ఎత్తాను. ఈ అమ్మాయి. వెనక ఎక్కడో గంపల కింద కోళ్ళు కలవరపడుతున్న చప్పుడు వినబడుతోంది. రాజీనామా మాట ఎత్తలేదు. ఇవాళ తెచ్చుకున్న ఐసు మధ్యాహ్నానికే కరిగేటట్టుంది, ఈ చుట్టుపక్కల ఐసు ఎక్కడ దొరుకుతుంది సార్ అని మాత్రం అడిగింది.

సోడా కొట్టు ఎవరిదో కనుక్కో తల్లీ అన్నాను.